రెండు చందమామల పేజీ

అమ్మా,

నీ మాంత్రికుల నవల మూడు అధ్యాయాలూ రెండుసార్లు చదివాను. మఠం అటక మీద దొరికే ఆ ఖగోళ గ్రంథం నన్ను పట్టుకుంది. అందుకే దాని గురించే రాస్తున్నాను.

పున్నమి చంద్రుడి పక్కనే నెలవంక వెలిగినట్టు రాశావు. బొమ్మ బాగుంది. కానీ నిండు చంద్రుడు సూర్యుడికి ఎదురుగా ఉంటాడు, నెలవంకేమో సూర్యుడి వైపునే ఉంటుంది. పక్కపక్కనే ఉన్న రెండు చందమామలు ఇంచుమించు ఒకే కళలో కనిపించాలి. మంత్రాల లోకం కదా, ఏమైనా జరగొచ్చు అంటావేమో. జరగనీ. అయితే ఆ గ్రంథం రాసిన ముసలి మాంత్రికుడికి ఆ రాత్రి నిద్ర పట్టకూడదు. అతను కారణం వెతుక్కోవాలి. వందేళ్ల తర్వాత ఏ శిష్యుడో పేజీ అంచున "గురువుగారు పొరబడ్డారు" అని రాయాలి. అప్పుడే అది గ్రంథం అవుతుంది. లేకపోతే అలంకారమే.

పర్షియాలో అల్ సూఫీ అనే ఖగోళ పండితుడు 964లో నక్షత్రాల మీద ఒక పుస్తకం రాశాడు. అప్పటికే ఎనిమిది వందల ఏళ్ల నాటిదైన, టాలెమీ అనే ప్రాచీన పండితుడి నక్షత్రాల పట్టికను అలాగే దించెయ్యలేదు, చుక్కల వెలుగును తన కళ్లతో చూసి సరిదిద్దాడు. ప్రతి నక్షత్ర మండలానికీ రెండు బొమ్మలు వేయించాడు: నేల మీంచి చూస్తే ఎలా ఉంటుందో ఒకటి, ఆకాశాన్ని బొమ్మగా గీసిన గోళం మీద బయటినుంచి చూస్తే తారుమారుగా ఎలా ఉంటుందో ఇంకొకటి. ఆండ్రోమెడా అనే నక్షత్ర మండలం దగ్గర మసగ్గా కనిపించినదాన్ని చిన్న మబ్బు అని రాసిపెట్టాడు. అది వేరే గెలాక్సీ అని తేలింది 20వ శతాబ్దంలో. తనకు అర్థం కానిదాన్ని కూడా కనిపించింది కనిపించినట్టు రాయడం చూస్తే నాకు కళ్లు చెమరుస్తాయి. నీ మాంత్రికుడికి అన్నీ తెలుసు. అతనికి తెలియనిది ఒక్కటైనా ఇవ్వు.

పేర్ల సంగతి. నీ గ్రంథంలో చుక్కలన్నిటికీ పండితుల పేర్లే ఉన్నాయి. మనవాళ్లు శుక్రుణ్ణి వేగుచుక్క అన్నారు, కృత్తికల్ని పిల్లలకోడి అన్నారు. మీ లోకంలో పడవ నడిపేవాడు దారి చూసుకునే చుక్కను ఏమని పిలుస్తాడు? ఆ పేరు గ్రంథంలోకి రావాలి.

వచ్చే అమావాస్య తర్వాత రెండు మూడు సాయంత్రాలు డాబా ఎక్కి పడమటి దిక్కు చూడు. నెలవంక ఎన్నింటికి కనిపించిందో, ఎన్నింటికి దిగిపోయిందో టైము రాసుకో. టెన్షన్ పడకు, తొందర లేదు. ఆ పేజీ తిరగరాశాక నాలుగో అధ్యాయంతో కలిపి పంపు.

ఆశీస్సులతో.