పీట్ రోజ్ కార్డు పారేయనివ్వకు

చి.ల.సౌ. మేనకోడలికి మామయ్య ఆశీర్వదించి రాయునది.

మొన్న నువ్వు ఫోన్లో అడిగినదానికి అప్పటికేదో చెప్పి పెట్టేశాను. అది సరైన జవాబు కాదని ఆ రాత్రంతా మనసు పీకుతూనే ఉంది. అందుకే ఈ ఉత్తరం. పోయిన థాంక్స్‌గివింగ్‌కి నేనిచ్చిన బేస్‌బాల్ కార్డుల పెట్టెలో మీ బుజ్జిగాడికి పీట్ రోజ్ కార్డు దొరికిందనీ, అతని గురించి చదివి "ఇంత చెడ్డవాడి కార్డు తాతయ్య ఎందుకు దాచుకున్నాడు, పారేస్తా" అన్నాడనీ చెప్పావు. పదకొండేళ్ల పిల్లాడు అంత కచ్చితంగా అడిగినందుకు నాకు సంతోషమే. వాడికి ఏం చెప్పాలన్నది నీ ప్రశ్న. తల్లీ, ఈ ప్రశ్న దగ్గర నేను చాలా ఏళ్లు తప్పు చేశాను. ముందు అది చెప్పాలి.

నేను సిన్సినాటి వచ్చింది 1974లో. ఇంగ్లీషు చదవడం వచ్చు, ఇక్కడివాళ్ల మాట మాత్రం చెవికెక్కేది కాదు. ఆఫీసులో భోజనాల వేళ అందరూ ఆ ఊరి బేస్‌బాల్ జట్టు రెడ్స్ గురించే మాట్లాడేవాళ్లు. ఒకాయన జాలిపడి నన్ను రివర్‌ఫ్రంట్ స్టేడియానికి తీసుకెళ్లాడు. ఆ రోజు నేను చూసింది ఒక్కణ్ణే. పిచర్, అంటే బంతి వేసేవాడు, నాలుగు బంతులు గతి తప్పి వేస్తే బ్యాటర్‌కి ఫస్ట్ బేస్, అంటే చుట్టి రావాల్సిన మజిలీల్లో మొదటిది, ఊరికే దక్కుతుంది. అందరూ బ్యాట్ కింద పడేసి తాపీగా నడిచి వెళ్తారు. రోజ్ మాత్రం వెనక ఎవరో తరుముతున్నట్టు పరిగెత్తేవాడు. అడక్కుండా వచ్చినదానికి కూడా ఒళ్లు వంచి పరిగెత్తే మనిషిని చూస్తే, కొత్త దేశంలో బిక్కుబిక్కుమంటున్న నాకు ఎంత ధైర్యం వచ్చేదో మాటల్లో చెప్పలేను. తల ముందుకు పెట్టి బేస్ మీదికి దూకేవాడు, లేచేసరికి చొక్కా నిండా మట్టి. ఆ ఊళ్లోనే పుట్టినవాడు. 1975లో సీజన్ నడుస్తుండగా, ఇంకో మంచి బ్యాటర్‌కి చోటు కావాలంటే తాను ఫీల్డింగ్ చేసే లెఫ్ట్ ఫీల్డ్ వదిలేసి థర్డ్ బేస్‌కి మారాడు. ఆ ఏడు రెడ్స్ సీజన్ చివర జరిగే ఛాంపియన్ల పోరు, వరల్డ్ సిరీస్, గెలిచారు. ఆ సిరీస్‌లో మేటి ఆటగాడూ అతనే.

1985 సెప్టెంబర్ 11 రాత్రి నేను స్టేడియంలోనే ఉన్నాను. మొదటి ఇన్నింగ్స్‌లో శాన్‌డియేగో పిచర్ ఎరిక్ షో వేసిన బంతిని ఎడమ వైపు ఖాళీలోకి కొట్టాడు. అది అతని 4,192వ హిట్. హిట్ అంటే బంతిని కొట్టి క్షేమంగా బేస్ చేరడం. పాత తరం ఆటగాడు టై కాబ్ పేరు మీద అన్నేళ్లుగా ఉన్న రికార్డు దాటిపోయింది. జనం ఆగకుండా చప్పట్లు కొడుతుంటే రోజ్ ఫస్ట్ బేస్ దగ్గర నిలబడి ఏడ్చాడు. పైన మెట్ల మీద నేనూ ఏడ్చాను.

నాలుగేళ్లు తిరక్కుండా, 1989 ఆగస్టు 24న, అతన్ని ఆటనుంచి శాశ్వతంగా వెలివేశారు. తాను మేనేజర్‌గా ఉన్న జట్టు ఆటల మీదే పందేలు కాశాడని విచారణలో తేలింది. నేను నమ్మలేదు. కనబడినవాళ్లందరితో వాదించాను. 2004లో కాశానని రోజ్ తనే ఒప్పుకున్నాడు. అప్పుడైనా ఊరుకోవాల్సింది. "ఓడిపోవాలని కాయలేదు కదా" అని కొత్త వాదన ఎత్తుకున్నాను.

2017 జూన్‌లో కొత్త స్టేడియం బయట అతని విగ్రహం పెడితే వెళ్లి ఫొటో దిగొచ్చాను. ఆరేడు వారాలకే ఒక స్త్రీ ప్రమాణం చేసి ఇచ్చిన వాంగ్మూలం బయటికొచ్చింది. 1970లలో తనకు పదహారేళ్లు నిండకముందే రోజ్ తనతో సంబంధం పెట్టుకున్నాడని అందులో చెప్పింది. సంబంధం ఉన్నమాట రోజ్ ఒప్పుకున్నాడు, అప్పటికి ఆమెకు పదహారు అనుకున్నానన్నాడు. అప్పట్లో అతనికి ముప్పై దాటాయి, ఇంట్లో భార్యాబిడ్డలు ఉన్నారు. ఆ రాత్రి భోజనాల దగ్గర మా అమ్మాయి, అదే మీ వదిన, ఆ వార్త చదివి వినిపించింది. నేను "ఎప్పటి మాటో, ఇప్పుడెందుకు తవ్వడం" అన్నాను. అది కంచం పట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. ఆ తర్వాత అయిదేళ్లు మా ఇంట్లో బేస్‌బాల్ మాట రాలేదు.

2022లో ఫిలడెల్ఫియాలో ఒక మహిళా విలేకరి ఈ విషయమే అడిగితే, అది యాభై అయిదేళ్ల కిందటి సంగతని రోజ్ కొట్టిపారేశాడు. నా కూతురితో నేనన్న మాటే అతని నోట విన్నాను. మర్నాడు పొద్దున్నే దానికి ఫోన్ చేసి క్షమించమని అడిగాను.

నేను చేసిన తప్పంతా "కానీ" అన్న ఒక్క మాటలో ఉందమ్మా. "తప్పు చేశాడు, కానీ 4,256 హిట్లు కొట్టాడు" అనేవాణ్ణి. "కానీ" వచ్చిందంటే దాని ముందున్నది మాఫీ అయిపోతుంది, వెనకున్నదే చెవిలో మిగులుతుంది. ఇప్పుడు బుజ్జిగాడు అంటున్నదీ అదే మాట, అటు తిప్పి: "హిట్లు కొట్టాడు, కానీ చెడ్డవాడు, పారేద్దాం." కాబట్టి వాడితో ఆ మాట మాన్పించు. రెండు వాక్యాలూ విడివిడిగా, పైకి, పూర్తిగా చెప్పించు. రోజ్ 24 సీజన్లలో 4,256 హిట్లు కొట్టాడు, మేజర్ లీగ్‌లో, అంటే ఇక్కడి అన్నిటికన్నా పై స్థాయి బేస్‌బాల్‌లో, అన్ని ఇంకెవరూ కొట్టలేదు. చుక్క పెట్టు. ఒక చిన్నమ్మాయి దగ్గర ఒక పెద్దవాడు ఎలా ఉండకూడదో అలా ఉన్నాడు, తన జట్టు మీద పందేలు కాశాడు, ఏళ్ల తరబడి అబద్ధమాడాడు. చుక్క పెట్టు. వాడి వయసుకి ఆ అమ్మాయి సంగతి అంతవరకు చెబితే చాలు. మానకు మాత్రం. వరసలో ఆమె మాటే ముందు చెప్పు. నేను అన్నేళ్లూ నిషేధం గురించీ, మేటి ఆటగాళ్ల పేర ఫలకాలు పెట్టే హాల్ ఆఫ్ ఫేమ్ గురించీ గొంతు చించుకున్నానే తప్ప, ఆ మనిషి ఎలా బతికిందో ఒక్కసారి అనుకోలేదు.

వాడు కొంచెం ఎదిగాక ఇంకో సంగతి చూపించు. కొన్ని మచ్చలు ఆట బయట పడతాయి, కొన్ని ఆట లోపలే పడతాయి. లోపల పడినవాటిని ఆటనుంచి వేరుచేయాలని చూడడం దండగ. బ్యారీ బాండ్స్ 762 హోమ్‌రన్లు, మన సిక్సర్ల లాంటివి, కొట్టాడు, 2001లో ఒక్క సీజన్‌లోనే 73. అంతకు చాలా ముందే, 1990లలో, మూడుసార్లు లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడిగా నిలిచినవాడు. తర్వాత బాల్కో అనే ల్యాబ్ కేసులో స్టెరాయిడ్ల మాట బయటికొచ్చింది. తెలిసి వాడలేదని అతనన్నాడు. హాల్ ఆఫ్ ఫేమ్‌కి ఎంపిక చేసే పాత్రికేయుల ఓట్లలో 2022లో, పదో ఏడు, చివరిసారిగా 66 శాతం దగ్గర ఆగిపోయాడు, 75 కావాలి. ఇక్కడ మనం సందేహిస్తున్నది మనిషి నడవడిని ఒక్కదాన్నే కాదు, ఆ 73 అనే అంకెనే. అంకెనే అనుమానిస్తున్నప్పుడు "ఆటను ఆటగా చూద్దాం" అంటే దేన్ని చూస్తాం?

అంతకన్నా లోతుగా దిగిన మచ్చ ఇంకొకటుంది, అది ఒక్క మనిషిది కాదు. 1880లలో చికాగో జట్టు కెప్టెన్ క్యాప్ ఆన్సన్ నల్లవాళ్లున్న జట్టుతో ఆడనని భీష్మించేవాడు. అలాంటివాళ్లు కలిసి కట్టిన గోడ 1947 ఏప్రిల్ 15న నల్లజాతి ఆటగాడు జాకీ రాబిన్సన్ బరిలోకి దిగేదాకా నిలిచింది. జాష్ గిబ్సన్ అనే నల్లజాతి మహాబ్యాటర్ సరిగ్గా ఆ జనవరిలోనే, 35 ఏళ్లకు, మేజర్ లీగ్ గడప తొక్కకుండా కన్నుమూశాడు. నల్లవాళ్లు విడిగా ఆడుకున్న నీగ్రో లీగ్‌ల లెక్కల్ని 2024లో మేజర్ లీగ్ తన పుస్తకాల్లో కలుపుకున్నాక, బ్యాటింగ్ సగటులో అందరికన్నా పైన నిలిచింది గిబ్సనే: .372, అంటే వెయ్యి అవకాశాలకు 372 హిట్ల లెక్కన. అంతవరకూ ఆ చోట కాబ్ పేరుండేది. ఆ కాలపు గొప్ప అంకెలన్నీ గిబ్సన్ లాంటివాళ్లను గుమ్మం బయట నిలబెట్టి సాధించినవి. ఆ మాట వదిలేసి ఆ అంకెలు చదవకూడదు. నాకు ఈ విషయంలో రాజీ లేదు.

కాబ్ పేరొచ్చింది కాబట్టి ఇంకో జాగ్రత్త. మచ్చలు కూడా నిజమైనవేనా అని చూసుకోవాలి. 1912 మే 15న న్యూయార్క్‌లో కాబ్ ఆట మధ్యలో ప్రేక్షకుల్లోకి ఎక్కి, తనను తిడుతున్న మనిషిని చావబాదాడు. ఆ మనిషికి ప్రమాదంలో చేతివేళ్లు చాలావరకు పోయాయి. అది జరిగింది, పత్రికల్లో ఉంది. ఎదుటివాళ్లను చీరడానికి బూటు మేకులు నూరేవాడనీ, ఒక మనిషిని చంపాడనీ చెప్పే కథలకు మాత్రం, తర్వాతివాళ్లు పాత పత్రికలు తిరగేస్తే గట్టి ఆధారం దొరకలేదు. నల్లవాళ్లు ఆడటంలో తప్పేమీ లేదని 1952లో కాబ్ బాహాటంగా అన్నాడు కూడా. దాంతో ఆ రోజు తిన్న దెబ్బలు మాసిపోవు, అలాగని లేని హత్యను నెత్తికెత్తడం న్యాయం కాదు. మీ అమ్మనడుగు, అజహర్ సంగతి చెబుతుంది. మొదటి మూడు టెస్టుల్లో మూడు సెంచరీలు కొట్టినప్పుడు ఆ మణికట్టు గురించి నాకు పేజీలకు పేజీలు రాసేది. 2000లో మ్యాచ్ ఫిక్సింగ్ ఆరోపణ మీద బోర్డు జీవితకాలం నిషేధించినప్పుడు నెలరోజులు పేపర్లో ఆటల పేజీ తెరవలేదట. 2012లో ఆ నిషేధం చెల్లదని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తీర్పిచ్చింది. అంతవరకు ఇష్టాన్నీ అనుమానాన్నీ రెండింటినీ పట్టుకునే ఉంది పాపం. తొందరపడి దేన్నీ వదల్లేదు. మా ఇద్దరిలో అదే తెలివైంది.

లెక్క వేరు, గౌరవం వేరు. ఇది వాడికి తప్పక చెప్పు. లెక్క జరిగినదాన్ని రాసిపెట్టుకోవడం, దాన్ని చెరిపితే అబద్ధమాడినట్టే. గౌరవం మనమిచ్చేది, ఇవ్వకపోవచ్చు, వెనక్కీ తీసుకోవచ్చు. రాబర్టో అలోమార్ 2011లో హాల్ ఆఫ్ ఫేమ్ చేరాడు. ఒక స్త్రీపట్ల అనుచితంగా ప్రవర్తించాడన్న ఫిర్యాదు మీద విచారణ జరిపి 2021లో మేజర్ లీగ్ అతన్ని దూరం పెట్టింది. హాల్ ఆఫ్ ఫేమ్ ఉన్న కూపర్స్‌టౌన్‌లో ఫలకం అలాగే ఉంచారు, టొరంటోలో అతని జట్టు మాత్రం తన స్టేడియంలో వేలాడే బ్యానర్ దించేసింది. నాకు ఆ దించడమే నచ్చింది. చనిపోయినవాళ్లను నిషేధితుల జాబితాలో ఉంచనక్కర్లేదని 2025 మేలో రోజ్ పేరు కూడా తీసేశారు, కాబట్టి ఇకమీద అతని ఫలకం మాటా వస్తుంది. ఓటు నా చేతిలో ఉంటే వేయను. 4,256 అనే అంకెను ఎవరైనా తగ్గించాలని చూస్తే ఊరుకోను.

ఇప్పుడు ఆడుతున్నవాళ్ల విషయం ఇంకా కష్టం, ఎందుకంటే మన చప్పట్లు వాళ్లకు వినబడతాయి. అరోల్డిస్ చాప్మన్ మా రెడ్స్‌లో ఉన్నప్పుడు 2010లో గంటకు 105 మైళ్ల వేగంతో బంతి వేశాడు. 2015 చివర్లో, గొంతు నులిమాడని అతని భాగస్వామి పోలీసులకు చెప్పింది. గ్యారేజీలో ఎనిమిదిసార్లు తుపాకి పేల్చాడు. పోలీసు కేసు నడవలేదు, లీగ్ మాత్రం గృహహింస నిబంధన కింద 30 ఆటలు నిషేధించింది. 2016లోనే చికాగో జట్టు కబ్స్ అతన్ని తెచ్చుకుని, 1908 తర్వాత మొదటి వరల్డ్ సిరీస్ గెలిచారు. ఆ సిరీస్ అంతా చూశాను, దాచను. అతను బంతి వేస్తుంటే కళ్లు తిప్పుకోలేకపోయాను. అప్పుడు అంతకుమించి ఆలోచించలేదు. ఇప్పుడైతే చూస్తాను, లేచి నిలబడి చప్పట్లు కొట్టను, అతని పేరున్న జెర్సీ మీ వాడికి కొనిపెట్టను. నీ పద్ధతి వేరే కావచ్చు, ఒకటేదో ముందే అనుకుని వాడికి తెలిసేలా పాటించు.

వాడికి వెంటనే రాబర్టో క్లెమెంటే కార్డు కొనిచ్చి "ఇదిగో మంచివాడు" అనాలనిపిస్తుంది నీకు. భూకంప బాధితులకు సరుకులు తీసుకెళ్తూ 1972 డిసెంబర్ 31న విమానం కూలి పోయాడు, సరిగ్గా 3,000 హిట్ల దగ్గర. తప్పకుండా కొను, ఆయన ఆట కోసం, ఆయన మనసు కోసం. రోజ్‌కి బదులుగా మాత్రం ఇవ్వకు. ఒక బొమ్మ పగిలితే ఇంకో బొమ్మ కాదు కదా ఇది. మిక్కీ మ్యాంటిల్ 536 హోమ్‌రన్లు కొట్టినవాడు, తాగుడుతో కాలేయం పాడై 1995లో మార్పిడి చేయించుకున్నాక, చిక్కి శల్యమై పత్రికలవాళ్ల ముందు కూర్చుని, నాలా ఉండకండని పిల్లలకు చెప్పాడు. నెల తిరిగేసరికి పోయాడు. రోజ్ ఆ మాట ఎప్పుడైనా అంటాడేమోనని నేను చివరిదాకా ఎదురుచూశాను.

కార్డు పెట్టెలోనే ఉండనివ్వు. ప్లాస్టిక్ కవర్ వెనక చిన్న కాగితం పెట్టి, ఆ రెండు వాక్యాలూ వాడి చేత్తోనే రాయించు. వాడి వయసు లీగ్‌లో తల ముందు పెట్టి దూకనివ్వరు, మంచిదే, ఆ సరదా వద్దు. నాలుగు బంతులు పక్కకి పడి బేస్ ఊరికే దక్కినప్పుడు మాత్రం పరిగెత్తమను. అది రోజ్ దగ్గర నేర్చుకోవడంలో ఏ తప్పూ లేదు, మొహమాటపడొద్దని నా మాటగా చెప్పు.

జూన్‌లో బడి సెలవులివ్వగానే పంపించు. స్టేడియం బయట ఆ విగ్రహం దగ్గరికి నేనూ మీ వదినా కలిసి తీసుకెళ్తాం. వాడేం అడిగినా అదీ నేనూ ఇద్దరం చెప్తాం. గ్లవ్ మర్చిపోవద్దను, మూడో బేస్ వైపు సీట్లు తీసుకుంటున్నాను, అటు ఫౌల్ బంతులు బాగా వస్తాయి.

ఇట్లు,
మీ మామయ్య