తోలు ఒరకు రంగు అద్దాలా, పూయాలా?

సందేహం: నేను పిస్తోలు పెట్టుకునే తోలు హోల్‌స్టర్లను చేత్తో తయారుచేస్తాను. కొత్తగా నేర్చుకునేవారి కోసం పద్ధతి రాస్తూ ‘హోల్‌స్టర్‌కు గోధుమ రంగు పూసి, ఆరాక ఫినిషింగ్ చేయాలి’ అన్నాను. ‘పూసి’ తప్పు, ‘అద్ది’ అనాలని ఒక మిత్రుడు, ‘వేసి’ అంటే చాలని మరొకరు అన్నారు. ఏది సరైనది? హోల్‌స్టర్, ఫినిషింగ్ అనే మాటలకు తెలుగులో ఏమనవచ్చు?

సమాధానం: ‘వేయు’ తప్పు కాదు గాని, అది అన్ని పనులకూ సరిపోయే మాట, నేర్పే రాతలో అంత వదులు మాట పనికిరాదు. మీరు చెబుతున్న పనికి తగిన క్రియ ‘అద్దు’. మీ మిత్రుడు చెప్పింది నిజమే. అయితే ‘పూయు’ను మీ రాతలోనుంచి పూర్తిగా తీసివేయవద్దు. అది అవసరమయ్యే చోటు వేరే ఉంది.

ఇంగ్లీషులో డై వేరు, పెయింట్ వేరు. తెలుగులో రెండూ ‘రంగు’ అనే ఒక్క మాటలో ఒదిగిపోయాయి. అందువల్ల ఆ రంగు వస్తువు లోపలికి ఇంకిందా, పైన పొరగా నిలిచిందా అన్నది చెప్పే బాధ్యత మన భాషలో క్రియ మీద పడింది. నూలుకు రంగు అద్దుతాం. ఆ పనిని అద్దకం అంటాం. గోడకు సున్నం పూస్తాం. గోడ మీద నిలిచిన పొరను పూత అంటాం. నూలులోనుంచి రంగును గీకి తీయలేం, గోడ మీది పూతను గీకి తీయగలం. తోలు రంగు నూలు రంగు వంటిదే. సారాయి స్పిరిట్‌లోనో నూనెలోనో నీటిలోనో కరిగిన ఆ రంగు తోలు పోగుల మధ్యకు దిగి అక్కడే ఉండిపోతుంది.

‘అద్దు’ తగిన మాట కావడానికి ఇంకొక కారణం కూడా ఉంది. గాయానికి మందు అద్దుతాం, తుండుగుడ్డతో చెమట అద్దుకుంటాం, పూజ్యమైన వస్తువును కళ్లకు అద్దుకుంటాం. రాత మీది తడి సిరాను పీల్చే కాగితానికి అద్దుడు కాగితమని పేరు. వీటన్నింటిలోనూ మెత్తగా తాకించి ఒత్తడమే గాని గట్టిగా రుద్దడం లేదు. మీ చేతిలోని పని కూడా అచ్చంగా అదే కదా! ఉన్ని ముద్దను రంగులో తడిపి, ఎక్కువైనది పిండి, చిన్న చిన్న సున్నాలు చుడుతూ పలుచగా రెండు మూడు సార్లు తాకిస్తారు. ఒకే వైపు గీతలుగా లాగితే చారలు మిగులుతాయి. జిగురు మరక గాని చేతి జిడ్డు గాని ఉన్న చోట మచ్చ తెల్లగా తేలినప్పుడు ‘ఇక్కడ రంగు పట్టలేదు’ అంటాం. ‘పట్టు’ అనే ఈ క్రియలో పని చేసేవాడి ప్రమేయం కనబడదు, తోలు గుణమే కనబడుతుంది. ఇంత సూక్ష్మమైన తేడాలు మన మాటల్లో ఉన్నందుకు నాకు ఎంతో సంతోషంగా ఉంటుంది.

విభక్తి విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. ‘తోలుకు రంగు అద్దాలి’ అన్నప్పుడు రంగు తోలు దగ్గరికి వస్తుంది. తోలునే రంగు తొట్టిలోకి దించే పద్ధతి చెబుతున్నప్పుడు ‘తోలును రంగులో ముంచి తీయాలి’ అని రాయండి. ఒకదానికి బదులు మరొకటి రాస్తే నేర్చుకునేవారు పొరబడతారు.

ఇనుప రజను నానబెట్టిన వినెగర్‌తో తోలును నల్లగా చేసే పద్ధతికి ఈ క్రియలేవీ నప్పవు. అక్కడ బయటినుంచి చేరే నల్లరంగంటూ ఏదీ లేదు. చెట్ల బెరడు, కాయల వగరుతో పదునుచేసిన తోలులో టానిన్లు అనే వగరు పదార్థాలు ఉంటాయి. ఇనుము వాటితో కలిసినప్పుడు నలుపు పుడుతుంది. కరక్కాయ కషాయంలో అన్నభేది అనే ఇనుప లవణం కలిపితే నల్ల సిరా వచ్చేదీ ఈ చర్యవల్లే. కాబట్టి ‘నల్లరంగు అద్దాలి’ అనకుండా ‘ఈ నీరు తగలగానే తోలు నల్లబడుతుంది, తరువాత వంటసోడా నీటితో తుడిచి పులుపును విరచాలి’ అని రాయడం న్యాయం.

ఇక హోల్‌స్టర్. మీ పాఠకులు ఎరిగిన మాటే కనుక దాన్ని అలాగే ఉంచినా దోషం లేదు. తెలుగు మాట కావాలంటే ‘ఒర’ అనండి. సంచికి తనదైన ఆకారం ఉండదు. తొడుగు దేనికైనా తొడుగే. పొది అనగానే అమ్ములపొది వంటివి, అంటే పలు వస్తువులు ఉండేవి, గుర్తుకు వస్తాయి. ఒర అలా కాదు, ఒక్క ఆయుధం కొలతకే అమరినది. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవనే సామెత పుట్టింది అందుకే. తడిపిన తోలును పిస్తోలు మీద ఒత్తి, దాని మలుపులన్నీ తేలేలా ఆరబెట్టి చేసే వస్తువుకు ఇంతకన్న చక్కని పేరు నాకు తోచదు. మొదటిసారి ‘పిస్తోలు ఒర’ అని రాసి, ఆపైన ‘ఒర’ అంటే సరిపోతుంది.

అచ్చు తీయడానికి తోలులో ఉండవలసిన తడికి కూడా మనకు మంచి మాట ఉంది. దున్నడానికి తగిన తేమతో ఉన్న నేలను పదును మీద ఉందంటాం. అదే విధంగా ‘తోలు పదును మీద ఉన్నప్పుడు అచ్చు తీయాలి’ అనవచ్చు. పచ్చితోలును కుళ్లకుండా శుద్ధి చేయడాన్ని చెప్పే ‘తోళ్లు పదునుచేయడం’ అనే మాటతో ఇది కలిసిపోకుండా వాక్యాన్ని చూసుకోండి.

ఫినిషింగ్‌కు ‘తుదిమెరుగు’ అనవచ్చు. మెరవని ఒరకు మెరుగేమిటని సందేహించనక్కరలేదు, ‘మెరుగైన’ అన్నప్పుడు మనం తళుకును ఉద్దేశించడం లేదు. కాని నేర్పే రాతలో ఆ ఒక్క మాటతో ఆగితే లాభం లేదు. స్పిరిట్ రంగు తోలులోని జిడ్డును తగ్గిస్తుంది గనుక పలుచగా నూనె పట్టిస్తారు. ఎక్కువైతే ఒర మెత్తబడి ఆకారం కోల్పోతుంది. అంచులకు తేనెమైనం రాసి, వేడి పుట్టేలా రుద్ది నునుపు తెస్తారు. చివరికి నీరు తగలకుండా, రంగు బయటికి రాకుండా అక్రిలిక్ ద్రవాన్ని పలుచగా పూస్తారు. మీ ‘పూయు’ చేరవలసిన చోటు ఇదే. ఆ వాక్యాన్ని ఇలా మార్చండి: ‘ఒరకు గోధుమ రంగు అద్ది, పూర్తిగా ఆరాక, గుడ్డకు రంగు అంటనంతవరకు తుడిచి, కొద్దిగా నూనె పట్టించి, అది ఇంకిన తరువాత పైపూత పూయాలి.’

మరొక మాట. ‘రంగు పోయింది’ అని ఎవరైనా చెప్పినప్పుడు ఎలా పోయిందో అడిగి, దానికి తగిన మాటే రాయండి. చొక్కాకు అంటుతుంటే ఆరిన తరువాత తుడవడం చాలలేదు. వానలో కారుతుంటే పైపూత సరిగా లేదు. ఎండకు వెలిస్తే అది రంగు గుణం. పెచ్చులుగా ఊడితే మాత్రం అక్కడ అద్దకం జరగనే లేదు, మందంగా పూత పూశారు.