చిన్నీ, ట్రియెస్టే వెళ్ళే ముందు ఇది మొత్తం చదువు

చిన్నీ,

రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. "అక్కా, అది ఫిబ్రవరిలో ఒక్కతే ట్రియెస్టే వెళ్తుందట, నీ మాటైతే వింటుంది, వద్దని చెప్పు" అన్నాడు. నేను వద్దని చెప్పను. జర్మనీలో ఉన్న పిల్లలందరూ పారిస్, రోమ్, వెనిస్ అని పరుగెడుతుంటే నీకు ఇటలీ చివర, స్లొవేనియా సరిహద్దు పక్కనున్న ఆ మూల ఊరు చూడాలని బుద్ధి పుట్టిందంటే చిన్నప్పుడు నేను చెప్పిన కబుర్లు ఊరికే పోలేదన్నమాట. కానీ నాకూ టెన్షన్‌గానే ఉంది. అందుకే ఇంత పొడుగు రాస్తున్నాను, మధ్యలో వదిలేయకు.

తేలిక సంగతులు ముందు చెప్పేస్తాను. వెనిస్ మెస్త్రే స్టేషన్ నుంచి రైలు రెండు గంటలు, కుడి వైపు కిటికీ దగ్గర కూర్చో, మోన్‌ఫాల్కోనే దాటాక సముద్రం అటువైపే వస్తుంది. బస్సు టికెట్ ముందే కొనుక్కుని, ఎక్కగానే మిషన్లో ముద్ర వేయించుకో. గొడుగు తీసుకెళ్ళకు, ఎందుకో తర్వాత చెప్తాను.

ఇక పాస్‌పోర్టు.

మీ నాన్న ట్రియెస్టేలో ఒక రాత్రి గాలికి చిక్కుకుని బస్సులు లేక ఇంటికి ఆలస్యంగా చేరాడనే కథ నువ్వు చిన్నప్పటి నుంచీ వింటున్నావు కదా. అది సగమే నిజం. గాలి నిజం. మిగతాది నేను చెప్తా విను. ఇన్నేళ్ళు వాడి పరువు కాపాడాను, ఇప్పుడు నీ క్షేమం ముఖ్యం.

1990లలో సంగతి. మీ మావయ్య అక్కడి ఫిజిక్స్ సెంటర్లో ఉన్నారు. అబ్దుస్ సలాం అనే పాకిస్తాన్ సైంటిస్టు 1964లో పెట్టిన సంస్థ అది. మనలాంటి దేశాల సైంటిస్టులు దేశం వదిలేసి శాశ్వతంగా వెళ్ళిపోనక్కర్లేకుండా, కొన్నాళ్ళు అక్కడ పని చేసుకుని మళ్ళీ తమ యూనివర్సిటీకి తిరిగి వెళ్ళేలా పెట్టాడు. మేం బార్కోలా అనే పేటలో ఒక ముసలావిడ ఇంట్లో పై వాటాలో ఉండేవాళ్ళం. మీ నాన్నకి అప్పటికి పెళ్ళి కాలేదు. కంపెనీ పని మీద మిలాన్ వచ్చి, శని, ఆదివారాలు అక్క దగ్గర గడుపుదామని రైలెక్కాడు. వాడిది ఒక్కసారి మాత్రమే లోపలికి రానిచ్చే వీసా. ఇటలీ దాటి బయటికి అడుగు పెడితే ఆ వీసా అయిపోయినట్టే.

ఇప్పుడు ఆ ఊరి తీరు అర్థం చేసుకో. ముందు సముద్రం, వెనక కార్సో అనే రాతి పీఠభూమి. ఊరి నుంచి సిటీ బస్సెక్కి కొండ మీదికి పోతే బాసోవిట్సా అనే పల్లె వస్తుంది, అక్కణ్ణించి కాస్త నడిస్తే స్లొవేనియా. అవతల లిపిత్సా అని గుర్రాల ఊరు, 1580 నుంచి తెల్ల గుర్రాలను పెంచుతున్న చోటు. మీ నాన్నకి గుర్రాలు చూడాలని. నేను చెప్పాను, "ఒరేయ్, అది ఇప్పుడు వేరే దేశం, యుగోస్లావియా నుంచి విడిపోయింది, వీసా కావాలి" అని. "సరే అక్కా, కొండ మీద ఊరికే నడిచొస్తా" అన్నాడు. పాస్‌పోర్టు పోతుందేమోనని తనే నా బీరువాలో చీరల మధ్య దాచిపెట్టి మరీ వెళ్ళాడు. తెలివి చూడు.

అడవి దారిన పోయాడు. గేటు లేదు, పోలీసు లేడు. పైన్ చెట్లు, నడుం ఎత్తు రాతి గోడలు, ఎక్కడో ఒక చిన్న తెల్ల రాయి. అదే సరిహద్దు రాయి అని ఎవరికి తెలుస్తుంది? కాసేపటికి కంచె, కంచె అవతల గుర్రాలు. తెల్ల తల్లుల పక్కన నల్ల పిల్లలు ఉన్నాయట (ఆ జాతి గుర్రాలు పుట్టినప్పుడు ముదురు రంగులో ఉండి పెరిగేకొద్దీ తెల్లబడతాయి). వీడు ఆ వింత చూస్తూ ఫొటోలు తీసుకుంటుంటే వెనక నుంచి ఇద్దరు వచ్చి భుజం తట్టారు. పాస్‌పోర్టు అడిగారు. వీడి జేబులో ఉన్నవి కంపెనీ విజిటింగ్ కార్డు, బస్సు టికెట్, నేను కట్టిచ్చిన చేగోడీల పొట్లం. అవి వాళ్ళకి పెట్టాడట! ఒకాయన తిన్నాడట కూడా. తిన్నా సరే, వదల్లేదు.

చౌకీలో కూర్చోబెట్టారు. మా ఫోన్ నంబరు వాడికి గుర్తు లేదు, రాసుకున్న డైరీ ఇంట్లో ఉన్న కోటు జేబులో ఉంది. సెంటర్ పేరొక్కటే గుర్తు. వాళ్ళు అక్కడికి ఫోన్ చేశారు, శనివారం, వాచ్‌మన్ తప్ప ఎవరూ లేరు. ఆయన లైబ్రరీలో ఉన్న మీ మావయ్యని వెతికి పట్టుకునేసరికి చీకటి పడింది. ఇక్కడ ఇంట్లో నా పరిస్థితి ఏంటంటే, మధ్యాహ్నం నుంచి బోరా, అంటే ఆ ఊరి చలిగాలి, మొదలైంది, కిటికీ తలుపులు దడదడా కొట్టుకుంటున్నాయి, తమ్ముడు రాలేదు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు నేను రేపల్లె దగ్గర మా అమ్మమ్మగారి ఊళ్ళో ఉన్నాను. ఆ రాత్రి చప్పుడు విన్నవాళ్ళకి గాలి అంటే జన్మలో తమాషాగా అనిపించదు. వీణ్ణి సముద్రంలోకి తోసేసి ఉంటుందనే అనుకున్నాను. వెంకన్నకి మొక్కుకున్నాను కూడా.

ఎదురింటాయన తన చిన్న కారులో మమ్మల్ని సరిహద్దుకి తీసుకెళ్ళాడు. ఆ ఆఫీసరు పాస్‌పోర్టు ఒక్కో పేజీ తిప్పి చూస్తుంటే నా గుండె ఆగిపోతుందనిపించింది. ఒక్క ముద్ర కొడితే చాలు, మీ నాన్న ఇటలీకి రాలేడు, అటు స్లొవేనియాలో ఉండలేడు, సోమవారం ఫ్లైటేమో మిలాన్ నుంచి. ఎందుకో ముద్ర కొట్టలేదు. మాకు చదవడం రాని ఒక కాగితం మీద సంతకం పెట్టించుకుని, వేలు చూపించి గట్టిగా తిట్టి పంపేశారు. కారులో ఎవ్వరం మాట్లాడలేదు. ఇంటి మెట్లెక్కుతుండగా మీ మావయ్య "ఇంతకీ గుర్రాలు బాగున్నాయా?" అని అడిగారు. అప్పుడు నవ్వాం, నవ్వలేక ఏడ్చాం.

మీ నాన్న ఇప్పుడు "బార్డర్లే లేవుగా అక్కా, అంతా షెంగెనే" అంటాడు. 2007 డిసెంబరులో స్లొవేనియా షెంగెన్‌లో చేరిన మాట నిజమే, అంటే మధ్యలో సరిహద్దు చెకింగ్ లేని దేశాల్లో కలిసింది, నీ జర్మనీ కార్డుతో నువ్వు లిపిత్సా నిక్షేపంగా వెళ్ళొచ్చు, వెళ్ళు కూడా. కానీ 2023 అక్టోబరు నుంచి ఇటలీ ఆ సరిహద్దులో మళ్ళీ చెకింగ్ పెట్టింది, బస్సు ఆపి అడగొచ్చు. పాస్‌పోర్టు, రెసిడెన్స్ కార్డు రెండూ ఒంటి మీదే ఉండాలి, రూములో కాదు. ఫోన్లో ఫొటో ఉందిగా అత్తా అనకు. నా నంబరు, మీ నాన్న నంబరు, హోటలు అడ్రసు ఒక కాగితం మీద రాసి పెట్టుకో. కోటులో కాదు, ప్యాంటు జేబులో. నవ్వుకో, కానీ రాసుకో.

మా ఇంటి ముసలావిడకి ఈ గొడవంతా వింతగా అనిపించలేదు. ఆవిడ పుట్టినప్పుడు ఆ ఊరు ఆస్ట్రియా చక్రవర్తిది. మొదటి యుద్ధం అయ్యాక ఇటలీ, 1943లో జర్మన్లు, 1945లో నలభై రోజులు యుగోస్లావియా నాయకుడు టిటో సైన్యం, ఆ తర్వాత ఇంగ్లీషు, అమెరికా మిలిటరీ, 1954లో మళ్ళీ ఇటలీ. ఆవిడ ఇల్లు మాత్రం మారలేదు. "నేనెక్కడికీ వెళ్ళలేదు, దేశాలే నా దగ్గరకొచ్చి పోయాయి" అని చేతులు తిప్పుతూ చెప్పేది. ఆ ఊరిని అలా చూస్తేనే అర్థమవుతుంది. అందం కోసం కట్టిన ఊరు కాదది. 1719లో ఆస్ట్రియా చక్రవర్తి సుంకం లేని రేవుగా ప్రకటించాక వ్యాపారం కోసం పెరిగింది. కనాల్ గ్రాందే దగ్గర నిలబడి చూడు, ఉప్పుమడులు పూడ్చి వీధులు వేసి, పడవలు సరుకుతో నేరుగా కొట్ల ముందుకొచ్చేలా కాలువ ఉంచారు. ఆ పక్కనే సెర్బుల గుడి నీలి గుమ్మటాలు కనిపిస్తాయి, లోపలికి వెళ్ళు, ఊరికే బయట నుంచి ఫొటో తీసుకుని రాకు.

పియాత్సా ఉనితా అనే పెద్ద చౌక్ సాయంత్రం చూడు, దీపాలు వెలిగాక. మూడు వైపుల భవనాలు, నాలుగో వైపు సముద్రం. అక్కడి ఫౌంటెన్‌లో నాలుగే ఖండాల బొమ్మలుంటాయి, ఆస్ట్రేలియా లెక్కలోకి రాని కాలం నాటిది. అదే చౌక్‌లో 1938 సెప్టెంబరులో ముస్సోలినీ యూదుల మీద చట్టాలు ప్రకటించాడు, దానికో ఫలకం ఉంది, వెతుక్కుని చదువు.

ఇక గాలి. మన తుపాను సముద్రం మీంచి వస్తుంది, మబ్బు పట్టి, రెండు రోజుల ముందే చెప్పి వస్తుంది. బోరా అలా కాదు. కొండ వెనక పీఠభూమి మీద చల్లగాలి పోగుపడి ఒక్కసారిగా ఊరి మీద నుంచి సముద్రంలోకి దూకుతుంది. పైన ఆకాశం నీలంగా, ఎండ కాస్తూనే ఉండొచ్చు. గట్టిగా వీస్తే గంటకి 100 కిలోమీటర్లు దాటుతుంది. ఒకప్పుడు వీధి మూలల్లో పట్టుకోవడానికి తాళ్ళు కట్టేవాళ్ళు. బోరా వెళ్ళిపోయాక చెత్తబుట్టల నిండా విరిగిన గొడుగులే, అందుకే తేవద్దన్నాను. బోరా ఉన్న రోజు మోలో అవుదాచే మీదికి వెళ్ళకు. సముద్రంలోకి రెండొందల మీటర్లకు పైగా చొచ్చుకుపోయిన రాతి కట్ట అది, పక్కన రెయిలింగ్ లేదు. కుర్రాళ్ళు సెల్ఫీల కోసం వెళ్తారు. నువ్వు వెళ్ళవు. గాలి లేని రోజు మాత్రం చివరిదాకా నడువు, వెనక్కి తిరిగితే ఊరంతా ఒక్క చూపులో కనిపిస్తుంది.

మిరామారే కోట తప్పదు, ఆరో నంబరు బస్సు. మాక్సిమిలియన్ అనే ఆస్ట్రియా రాకుమారుడు కట్టించుకున్నాడు. నేవీలో ఉన్నవాడు, తన గదిని ఓడ క్యాబిన్‌లా చేయించుకున్నాడు. 1864లో ఎవరో మెక్సికోకి చక్రవర్తివి రమ్మంటే వెళ్ళాడు, మూడేళ్ళకే అక్కడ మరణశిక్ష వేసి కాల్చి చంపేశారు. ఇంత ఇల్లు కట్టుకుని, ఆ సముద్రం చూస్తూ కాఫీ తాగకుండా ఎక్కడికో పోవడమేంటని నాకు ఎప్పుడూ కోపమే. కోట టికెట్ ఎక్కువనిపిస్తే మానెయ్, తోట చాలు. మీ మావయ్య సెంటర్ ఆ తోట పక్కనే, మధ్యాహ్నం క్యారేజీ పట్టుకెళ్తే అక్కడే చెట్ల కింద తినేవాళ్ళం. ఆయన ఆవకాయ వేలు చీకుతూ ఉండగా నోబెల్ వచ్చినాయన ఎవరో పక్కనుంచి నడుచుకుంటూ పోయేవాడు, ఈయన లేచి నిలబడేసరికి పళ్ళెం పడిపోయేది. ఒక ఫొటో తీసి పంపు. ఏ చెట్టయినా పర్లేదు.

ఓపీచినా ట్రామ్ 1902 నాటిది, కొండ నిటారుగా ఉన్న చోట వెనక నుంచి కేబుల్ బండి తోస్తుంది. ప్రమాదం జరిగి ఏళ్ళ తరబడి ఆగిపోయి 2025లో మళ్ళీ మొదలైంది, ఆ రోజు నడుస్తోందో లేదో కనుక్కుని బయల్దేరు. సాన్ జుస్తో కొండ ఎక్కు, కింద రోమన్ల నాటకశాల చూడు. వీటి గురించి నేను చెప్పేదేం లేదు, అంతా నెట్‌లో ఉంది.

ఒక్కటి మాత్రం ఎవరూ నీకు చెప్పరు కాబట్టి నేను చెప్తున్నాను. రిసియేరా అని ఊరి చివర ఒక బియ్యం మిల్లు ఉంది. 1943 తర్వాత నాజీలు దాన్ని క్యాంపుగా మార్చి, వేల మందిని చంపి, అక్కడే కాల్చేశారు. ఇటలీలో శవాలు కాల్చే పొయ్యి పెట్టిన నాజీ క్యాంపు అదొక్కటే. తెనాలి మిల్లుల మధ్య పెరిగినదాన్ని, బియ్యం మిల్లంటే నాకు తవుడు వాసన, అరుగు మీద లెక్కలు. లోపలికి వెళ్ళి పది నిమిషాలు కూడా ఉండలేక బయటికొచ్చేశాను. మీ మావయ్య లోపల చాలాసేపు ఉన్నారు. టికెట్ లేదు. ఉదయం వెళ్ళు, ఆ తర్వాత వేరే ప్లాన్ పెట్టుకోకు.

తిండి సంగతి. యోతా అని బీన్స్, పులిసిన క్యాబేజీ పులుసు అందరూ తినమంటారు, అందులో చాలాసార్లు పంది మాంసం ఉంటుంది, అడిగి తిను. తీపి ఏదైనా కావాలంటే ప్లమ్ పండు పెట్టి ఉడికించిన న్యోకి, అంటే బంగాళాదుంప ఉండలు, దొరుకుతాయి, అవి బాగుంటాయి. కాఫీ బార్‌లో నిలబడి తాగితే చవక, కూర్చుంటే బిల్లు పెరుగుతుంది. అక్కడ "నేరో" అంటే ఎస్ప్రెస్సో, "కాపో ఇన్ బి" అంటే చిన్న గాజు గ్లాసులో పాలు కలిపింది, అది తాగు. కార్సో మీద పల్లెల్లో రైతులు సొంత ఇళ్ళ దగ్గర కొన్ని రోజులపాటు తమ వైన్, గుడ్లు, చీజ్ అమ్ముతారు, దారిలో ఆకుల కొమ్మ వేలాడుతుంటే అదే గుర్తు. గుడ్లు, చీజ్ తిను. వైన్ గురించి నేనేం చెప్పను, నీకు ఇరవై మూడేళ్ళు. చీకటి పడకముందే కొండ దిగిపో, అంతే.

తేదీలు ఖాయం అవగానే పంపు, టికెట్లు తీశాక కాదు, ముందే. హోటలు స్టేషన్‌కి దగ్గర్లో చూసుకో. మీ నాన్నతో నేను మాట్లాడతాను. గుర్రాల సంగతి నేను చెప్పానని వాడికి తెలిసినా పర్లేదు, కానీ అమ్మ ముందు ఎత్తకు, ఆవిడకి ఇంకా గాలి కథే తెలుసు.

అత్త