రిజైన్ చేయండి, కానీ వచ్చే నెల కాదు

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. హైదరాబాద్‌లో ఒక బ్యాక్ ఆఫీసులో ఇన్సూరెన్స్ క్లెయిమ్‌లు చూసే పని, 4 ఏళ్ల 7 నెలలుగా చేస్తున్నాను. చేతికి 72 వేలు వస్తుంది, బేసిక్ 36 వేలు. రోజంతా ఎవరివో బిల్లులు చూస్తూ కూర్చుంటే నా బతుకు ఇంతేనా అనిపిస్తోంది. వచ్చే నెల పేపర్స్ పెట్టేద్దామనుకుంటున్నాను, తర్వాత ఏం చేస్తానో ఇంకా తెలీదు. ఎఫ్‌డీ 1.90 లక్షలు, పీఎఫ్ 4.60 లక్షలు ఉన్నాయి. ఖర్చు నెలకు 54 వేలు కాబట్టి ఏడాది గడుస్తుంది కదా సార్? మా ఆవిడకు ఇంకా చెప్పలేదు.

జవాబు: గడవదు. మూడు నెలలు కూడా గడవదు. ముందు అది చెప్పేస్తే మిగతాది నిదానంగా మాట్లాడుకోవచ్చు.

ఉద్యోగం మానొద్దని నేను అనను. నాలుగున్నరేళ్లు ఓర్చుకున్న మనిషి చాలనుకుంటే దానికి కారణం ఉంటుంది, "ఈ రోజుల్లో ఆ జీతం ఎవడిస్తాడు" అని మీకు చెప్పేవాళ్లు ఇంట్లో, బయట చాలామందే ఉంటారు. నా గొడవంతా మీరు పెట్టుకున్న తేదీతోనే.

మీరు పంపిన ఖర్చుల చిట్టా చూశాను. అద్దె 17 వేలు, కారు ఈఎంఐ 11,400, ఇంటి ఖర్చు 21 వేలు, ఊళ్లో అమ్మానాన్నలకు 5 వేలు: మొత్తం 54,400. మరి కింద ఎక్కడో చివర్లో రాసిన 10 వేల చీటీ? బాబు స్కూల్ ఫీజు ఏడాదికి 85 వేలు, అంటే నెలకు 7 వేలు? ఇప్పటిదాకా ఆఫీసు ఇస్తున్న హెల్త్ ఇన్సూరెన్స్ చివరి పనిరోజుతో ఆగిపోతుంది కాబట్టి సొంత పాలసీకి నెలకు ఓ 1,700 వేసుకోండి. 73 వేలు దాటింది. మీ ఆవిడ కుట్టుపని మీద వచ్చే 8 వేలు తీసేసినా నెలకు 65 వేలు కావాలి, ఎఫ్‌డీలో ఉన్నది 1.90 లక్షలు.

పీఎఫ్‌ను నేను కావాలనే లెక్కలోంచి తీసేశాను. మానేసిన మర్నాడే మొత్తం చేతికి రాదు. పైగా పాత కంపెనీ పీఎఫ్ చెల్లెలి పెళ్లికి తీసేశానన్నారు కాబట్టి ఆ సర్వీసు ఇప్పుడు కలవదు, ఐదేళ్లు నిండకముందు తీసుకుంటే పన్ను పడుతుంది, మొత్తం 50 వేలు దాటితే ఇచ్చేటప్పుడే టీడీఎస్ పేరుతో పన్ను కోసేస్తారు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మీకు ఐదేళ్లు నిండడానికి 5 నెలలే ఉంది. నిండితే గ్రాట్యుటీ, అంటే మీరు చేసిన సర్వీసుకు వెళ్లేటప్పుడు కంపెనీ ఇచ్చే డబ్బు, వస్తుంది: బేసిక్‌ను 26తో భాగించి, 15తో, మళ్లీ ఐదేళ్లతో గుణించండి, సుమారు 1,03,800 రూపాయలు. మీ ఎఫ్‌డీలో సగానికి పైనే, దానిమీద పన్ను కూడా లేదు. 4 ఏళ్ల 240 రోజులు చాలని మద్రాసు హైకోర్టు తీర్పు ఒకటి ఉంది కానీ అన్ని కంపెనీలూ దాన్ని ఒప్పుకోవు, ఉద్యోగం లేని మనిషి లక్ష రూపాయల కోసం వాళ్లతో పోట్లాడుతూ కూర్చోలేడు. నోటీసు పీరియడ్ కూడా సర్వీసే. మీది 90 రోజులన్నారు, అంటే రెండు నెలలాగి రిజైన్ చేసినా లెక్క సరిపోతుంది, కాకపోతే కొన్నిచోట్ల నోటీసు పూర్తికాకుండానే పంపించేస్తారు, అందుకని మూడు నెలలాగి పెట్టండి. కొత్త ఉద్యోగం వస్తే మాత్రం పీఎఫ్‌ను తీయకుండా ట్రాన్స్‌ఫర్ చేసుకోండి.

కారు అమ్మేయండి. ఆఫీసుకు క్యాబ్‌లో వెళ్తున్నానని మీరే రాశారు. ఇంకా 26 నెలల ఈఎంఐ ఉంది, అమ్మిన డబ్బుతో లోన్ తీరిపోతే చాలు, పైన రూపాయి మిగలకపోయినా పర్వాలేదు. అప్పుడు నెలకు కావలసింది 54 వేలకు దిగుతుంది. ఎఫ్‌డీ, గ్రాట్యుటీ, ఈ ఐదు నెలల్లో దాచగలిగేది కలిపితే మూడున్నర లక్షలకు అటూ ఇటూగా ఉంటుంది, అది ఆరు నెలల తిండి. నిజమైన ఆరు నెలలు.

నాకు ఎక్కువ భయం చీటీ విషయంలోనే. మీరు పాడేసుకున్నారు, ఆ డబ్బు కారుకు వెళ్లిపోయింది, ఇంకా 14 వాయిదాలున్నాయి. పాడుకున్నవాళ్లు వాయిదా తప్పితే మిగిలినదంతా ఒకేసారి కట్టమని అడిగే హక్కు చిట్ ఫండ్ చట్టంలోనే ఉంది. షూరిటీ పెట్టినవాళ్లు ఇద్దరూ మీ ఆఫీసువాళ్లే. మీరు వెళ్లిపోయాక వాళ్ల జీతాల మీదికి నోటీసు వస్తే ఆ స్నేహం మిగలదు. ఆఖరి రోజు నాటికి మిగిలే తొమ్మిది వాయిదాల డబ్బు, 90 వేలు, వేరే ఖాతాలో పడేసి మర్చిపోండి, పైన చెప్పిన ఆరు నెలల్లో అది కూడా కలిసే ఉంది.

జీతం స్లిప్ ఉండగానే టర్మ్ పాలసీ, అంటే మీకేమైనా అయితే ఇంటికి డబ్బు వచ్చే జీవిత బీమా, తీసుకోండి, ఆదాయం రుజువు లేకపోతే తర్వాత దొరకడం కష్టం. మీకున్నది ఆఫీసు ఇచ్చిన గ్రూప్ కవర్ ఒక్కటే, అది కూడా ఆఫీసుతోనే పోతుంది. హెల్త్ పాలసీ కూడా ఇప్పుడే. మీ ఆవిడకు థైరాయిడ్ ఉందన్నారు, కొత్త పాలసీల్లో ముందునుంచీ ఉన్న జబ్బులకు మూడేళ్ల దాకా క్లెయిమ్ ఇవ్వకుండా వెయిటింగ్ పెట్టొచ్చు, ఆఫీసు పాలసీ నుంచి అదే బీమా కంపెనీ వ్యక్తిగత పాలసీకి మారే వీలుంది కాబట్టి ఉద్యోగంలో ఉండగానే హెచ్‌ఆర్‌ను అడగండి. నేను 2011లో ఇలాంటి పాలసీ లేకుండానే ఉద్యోగం మానేశాను, రెండో నెలలోనే నాన్న ఆసుపత్రి పాలయ్యారు, బిల్లు కట్టడానికి అమ్మ గాజులు తాకట్టు పెట్టాను. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

స్లిప్ ఉంది కదా అని పర్సనల్ లోన్ తీసి పక్కన పెట్టుకునే ఆలోచన మాత్రం వద్దు.

ఒక మాట. ఆదివారం సాయంత్రం నుంచే గుండె దడ మొదలవుతోందని, నిద్ర పట్టడం లేదని రాశారు. అది బోర్ కొట్టడం కాదు. ముందు డాక్టర్‌కు చూపించుకోండి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు అక్కర్లేదు. సెలవు పెట్టాల్సి వస్తే పెట్టండి. ఈ ఐదు నెలలు ఒంటికి తట్టుకోలేనంత బరువుగా ఉంటే లక్ష రూపాయలు పోనివ్వండి, నేనే పోనివ్వమన్నానని చెప్పండి.

తర్వాత ఏం చేయాలన్నది ఇవాళే తేలక్కర్లేదు. కానీ ఈ ఐదు నెలల్లో శనివారాలు మీవే, మనసు దేనిమీదికి పోతుందో అది కొంచెం చేసి చూడండి.

ఈ వారం అపాయింట్‌మెంట్ లెటర్ బయటికి తీసి చేరిన తేదీ చూసుకోండి. ఆ రాత్రి బాబు పడుకున్నాక ఈ లెక్కంతా మీ ఆవిడ ముందు పెట్టండి. ఆవిడ సంపాదించే 8 వేలు కూడా ఇందులో ఉన్నాయి. ఆవిడ ఏమన్నారో నాకు రాయండి.