పిన్ టంబ్లర్ తాళం పిక్ చేసేటప్పుడు టెన్షన్ ఎంత ఉండాలి?

పిక్‌తో (పిన్‌లను లేపే సన్నటి పరికరం) తాళం తెరవడం నేర్చుకుంటున్న ఒకరు, రెండు మూడు పిన్‌లు సెట్ అయ్యాక (సరైన ఎత్తులో నిలిచాక) అన్నీ ఒక్కసారిగా పడిపోతున్నాయి, పడకుండా రెంచ్ (తాళాన్ని తిప్పే బలం ఇచ్చే పరికరం) గట్టిగా పట్టుకుంటే ఏ పిన్నూ కదలట్లేదు అన్నారు. రెండింటికీ మూలం టెన్షనే, అంటే రెంచ్‌తో తిప్పే బలమే. ఎంత అనేదానికి ఒకే కొలత లేదు, ఒకే తాళంలో కూడా పిన్‌ను బట్టి మారుతూ ఉంటుంది.

ప్లగ్‌లో (తాళంచెవితో పాటు తిరిగే లోపలి భాగం) పిన్‌ల రంధ్రాలు ఎంత బాగా తయారుచేసినా అచ్చంగా ఒకే వరసలో రావు. అందుకే రెంచ్‌తో తిప్పబోతే ముందు ఒక డ్రైవర్ పిన్ (ప్రతి జతలో స్ప్రింగు నొక్కే పై పిన్) మాత్రమే బిగుస్తుంది. దాన్ని షియర్ లైన్ (ప్లగ్‌కూ దాని చుట్టూ ఉండే హౌసింగ్‌కూ మధ్య హద్దు) దాటిస్తే ప్లగ్ వెంట్రుకవాసి తిరుగుతుంది, డ్రైవర్ దాని అంచు మీద ఆగుతుంది, బిగుసుకోవడం తర్వాతి పిన్ వంతవుతుంది. బలం ఎక్కువైతే రెండు మూడు కలిసి బిగుస్తాయి, ఏది ముందో వేలికి తెలియదు. అప్పుడు పిక్‌తో బలంగా తోస్తాం, కీ పిన్ (తాళంచెవికి తగిలే కింది పిన్) కూడా షియర్ లైన్ దాటి ఇరుక్కుంటుంది. అదే ఓవర్‌సెట్. బలం మరీ తగ్గితే ప్లగ్ వెనక్కి జారి, సెట్ అయిన డ్రైవర్ మళ్లీ కిందికి దిగిపోతుంది.

కొత్తలో దాదాపు అందరూ ఎక్కువ బలమే వాడతారు. రెంచ్ చివర వేలి మెత్తటి భాగం ఆనించండి. గోరు తెల్లబడుతున్నా, రెంచ్ వంగుతున్నట్టు కనిపించినా ఎక్కువైనట్టే. వేలు ఎప్పుడూ ఒకే చోట ఉంచండి. కీవే (తాళంచెవి దూరే సందు) నుంచి దూరం జరిగితే అదే ఒత్తిడికి తిప్పే బలం పెరుగుతుంది, లెక్క తప్పుతుంది.

ఇప్పుడు పిక్‌తో ఒక్కో పిన్‌ను తాకి చూడండి. స్ప్రింగులా తేలిగ్గా లేచేది బిగియలేదు, రాయిలా ఆగేది బిగిసింది. అన్నీ స్ప్రింగులాగే ఉంటే కాస్త పెంచండి, అన్నీ రాళ్లలా ఉంటే తగ్గించండి. వేలికి అలవాటు కావడానికి ఇంకో పద్ధతి: పిక్‌తో పిన్‌లన్నీ పైకి నెట్టి, గట్టి టెన్షన్‌తో అక్కడే పట్టి, పిక్ తీసేసి రెంచ్‌ను వీలైనంత నెమ్మదిగా వదలండి. ఒక్కో పిన్ టిక్కుమంటూ పడుతుంది. అన్నీ ఒకేసారి పడితే త్వరగా వదిలేశారన్నమాట. ఒక్కో టిక్కు విడిగా వినిపించేదాకా చేయండి. ఓవర్‌సెట్‌ను విడిపించేదీ ఇలాగే: మొత్తం వదలకుండా ఒక్క టిక్కు వినబడగానే ఆపేయండి.

ప్లగ్ ఒక్కసారిగా కొన్ని డిగ్రీలు తిరిగి ఆగిందా? అది ఫాల్స్ సెట్, సాధారణంగా స్పూల్ పిన్ ఉందని అర్థం. నడుము సన్నగా ఉండే ఆ పిన్ షియర్ లైన్ దగ్గర అడ్డంగా చిక్కుకుంది. పిన్‌లను ఒక్కొక్కటిగా మెల్లగా నొక్కితే, ఒకదాని దగ్గర రెంచ్ మీ వేలిని వెనక్కి నెడుతుంది. అక్కడ వేలితో ఎదిరిస్తే పని జరగదు. పిక్ ఒత్తిడి అలాగే ఉంచి, రెంచ్‌ను అది నెట్టినంత మేరకే వెనక్కి పోనివ్వండి. పిన్ సెట్ కాగానే ప్లగ్ మళ్లీ ముందుకొస్తుంది. ఈలోగా వేరే పిన్ ఒకటి పడిపోవచ్చు, దాన్ని తర్వాత వెతికి లేపండి.

పరికరం సంగతికొస్తే, కీవే పైభాగంలో వదులు లేకుండా కూర్చునే దళసరి రెంచ్ నాకు ఎక్కువ నచ్చుతుంది. మందం 1 మి.మీ. దగ్గర చాలా తాళాలకు సరిపోతుంది. పిక్‌కు చోటు మిగులుతుంది, ప్లగ్ చిన్న కదలిక కూడా వేలికి అందుతుంది. మెలితిప్పిన సన్నటి రెంచ్ ఒత్తిడిని సమంగా ఉంచుతుంది కానీ ఆ కదలికను మింగేస్తుంది. ఏదైనా సరే, ముందున్న పిన్‌కు గానీ బయటి హౌసింగ్‌కు గానీ రాసుకోకూడదు.

విప్పి మళ్లీ పిన్‌లు పెట్టుకునే తాళం దొరికితే రెండు పిన్‌లతో మొదలుపెట్టి, కుదిరాక ఒక్కొక్కటి కలపండి. మీ సొంత తాళం అయినా వాడకంలో ఉన్నది వద్దు, పాడైతే తలుపే తెరుచుకోదు. ప్లగ్ తిరిగాక 180 డిగ్రీల దాకా పోనివ్వకండి, అక్కడ డ్రైవర్ పిన్‌లు కీవేలోకి జారి ప్లగ్ ఇరుక్కుపోవచ్చు.