బోటు ఇంజిన్‌కి ఇంజెక్టర్లు కొత్తవి వేయాలా, పాతవే బాగుచేయించుకోవచ్చా?

మీరు రాసింది ఇదీ: రెండు సిలిండర్ల ఇన్‌బోర్డ్ (బోటు లోపలే బిగించి ఉండే) డీజిల్ ఇంజిన్, పొద్దున్నే స్టార్ట్ అవ్వడానికి మొరాయిస్తోంది, లోడు పడితే నల్లపొగ, స్లోలో ఒక సిలిండర్ మిస్ కొడుతోంది. మెకానిక్ చూసి రెండు ఇంజెక్టర్లూ (సిలిండర్‌లోకి డీజిల్‌ని తుంపరగా కొట్టేవి) కొత్తవి వేయాలి, వాటికి ప్రెషర్‌తో డీజిల్ పంపే పంపు కూడా విప్పాలి అన్నాడు. ఇంటి దగ్గర విప్పి శుభ్రం చేసుకుంటే సరిపోదా అని మీ ప్రశ్న.

కాకినాడ వైపు మా ఇంట్లో చేపల వేట బోటు ఉంది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కదా, ఇంజిన్ పని అంతా ఆ రెండు నెలల్లోనే పెట్టుకుంటాం. ఇంజెక్టర్ల పని నేనే దగ్గరుండి చేయించుకుంటాను. అందుకని తెలిసినంత చెబుతున్నాను.

ఇంజెక్టర్ మొత్తం మార్చాల్సిన అవసరం చాలా అరుదుగా వస్తుంది. ఎక్కువగా అరిగేది కింద కొనలో ఉండే నాజిలే. పైనున్న హోల్డర్, స్ప్రింగు, పైపు కనెక్షన్ ఏళ్ల తరబడి పనిచేస్తాయి. కొత్త నాజిల్ వేసి, ప్రెషర్ సెట్ చేయించి, కొత్త రాగి వాషర్లతో బిగిస్తే అది కొత్త ఇంజెక్టర్‌తో సమానమే. విప్పడం, పైపైన శుభ్రం చేయడం, మళ్లీ బిగించడం మీరు చేసుకోవచ్చు. ప్రెషర్ సెట్టింగ్ మాత్రం డీజిల్ పంపులు, ఇంజెక్టర్లు బాగుచేసే పంపు షాపులో టెస్టర్ మీద పెట్టి చేయించాల్సిందే, ఇంట్లో దానికి వేరే దారి లేదు.

అయితే పానా పట్టుకునే ముందు పొగ ఎందుకొస్తోందో ఒకసారి ఆలోచించండి. నల్లపొగ అంటే డీజిల్‌కి తగ్గ గాలి అందక అది సగమే కాలుతోందని. బోటు అడుగున గుల్ల పట్టినా, నీళ్లలో తిరిగే ఫ్యాన్‌కి (ప్రొపెల్లర్‌కి) వల ముక్కో తాడో చుట్టుకున్నా ఇంజిన్ మీద భారం పెరిగి అదే నల్లపొగ వస్తుంది. ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయినా అంతే. ఇవన్నీ బాగున్నాయి అనుకున్నాకే ఇంజెక్టర్ మీద అనుమానం పెట్టుకోండి. స్టార్ట్ చేసిన కొత్తలో తెల్లపొగ వస్తే అది కాలని డీజిల్. నీలిపొగ అయితే ఇంజిన్ ఆయిల్ కాలుతున్నట్టు, దానికి ఇంజెక్టర్‌తో సంబంధం లేదు.

మీకు ఒక సిలిండర్ మిస్ కొడుతోంది కాబట్టి ఏది చెడిందో పట్టుకోవడం తేలిక. ఇంజిన్ స్లోలో పెట్టి, ఒక ఇంజెక్టర్ దగ్గర హై ప్రెషర్ పైపు యూనియన్ నట్టు మీద గుడ్డ కప్పి, అర చుట్టు వదులు చేయండి. ఆ సిలిండర్ బాగా పనిచేస్తుంటే ఇంజిన్ శబ్దం వెంటనే పడిపోతుంది. వదులు చేసినా తేడా రాలేదంటే చెడ్డ సిలిండర్ అదే. చెయ్యి అడ్డం పెట్టకండి, మొహం పక్కకి పెట్టుకోండి, కళ్లద్దాలు ఉంటే ఇంకా మంచిది. తర్వాత ఇంజిన్ ఆపి, రెండు ఇంజెక్టర్లూ విప్పి, దీన్ని దాని చోట, దాన్ని దీని చోట బిగించి చూడండి. మిస్ కూడా ఇంజెక్టర్‌తో పాటు రెండో సిలిండర్‌కి మారితే తప్పు ఇంజెక్టర్‌దే. మిస్ పాత సిలిండర్‌లోనే ఉండిపోతే వాల్వులో, కంప్రెషన్‌లో, పంపులో చూసుకోవాలి. ఈ ఒక్క పరీక్ష చేయకుండా ఎవరు ఏది మార్చమన్నా ఒప్పుకోకండి.

ఇక విప్పడం. ముందు ఇంజెక్టర్ చుట్టూ ఉన్న ఉప్పు, మట్టి, గ్రీజు డీజిల్‌తో కడిగేయండి. పైపు ఊడదీసిన వెంటనే రెండు మూతులూ శుభ్రమైన ప్లాస్టిక్ కవరుతో కట్టేయాలి. నాజిల్‌లో తెరుచుకుని మూసుకునే సన్నటి కడ్డీకీ (నీడిల్), దాని చుట్టూ ఉన్న గొట్టానికీ మధ్య సందు మిల్లీమీటరులో వెయ్యోవంతులు రెండు మూడు ఉంటుంది. కంటికి కనపడని ఇసుక రేణువు చాలు దాన్ని పట్టేయడానికి. రేవులో గాలికి ఇసుక ఎగురుతుంటే ఆ రోజు ఆ పని పెట్టుకోకపోవడమే మంచిది.

సముద్రం బోటు కదా, ఇంజెక్టర్ హెడ్డులో (సిలిండర్ల మీది మూతలో) పట్టేసి ఉంటుంది. తుప్పు వదిలే నూనె పోసి రాత్రంతా వదిలేయండి. పొద్దున్నే పానాతో అటూ ఇటూ కొంచెం కొంచెం తిప్పుతూ పైకి లాగాలి. స్క్రూడ్రైవర్ పెట్టి ఎత్తితే హెడ్డు అంచు విరుగుతుంది. కొన్ని ఇంజిన్లలో ఇంజెక్టర్ రాగి స్లీవ్ (గొట్టంలాంటి తొడుగు) లోపల కూర్చుంటుంది. బలవంతంగా లాగితే స్లీవ్ కూడా వచ్చేసి కూలింగ్ నీళ్లు సిలిండర్‌లోకి దిగుతాయి. మీ ఇంజిన్‌లో స్లీవ్ ఉందో లేదో మాన్యువల్‌లో చూసుకుని మొదలుపెట్టండి.

ఇంజెక్టర్ బయటికి వచ్చాక ఆ రంధ్రం అడుగుకి టార్చి వేసి చూడండి. పాత రాగి వాషర్ చాలాసార్లు కిందే అతుక్కుని ఉండిపోతుంది, మసి పట్టి హెడ్డులో భాగంలా కనపడుతుంది. చూసుకోకుండా దాని మీద కొత్త వాషర్ వేస్తే ఇంజెక్టర్ ఒక వాషర్ మందం పైకి లేస్తుంది. నాజిల్ కొన పిస్టన్‌కి దూరమై, తుంపర పిస్టన్ గిన్నెలో పడాల్సింది అంచు మీద పడుతుంది. ఎంత మంచి నాజిల్ వేసినా పొగ పోదు. వాషర్ తీశాక ఆ రంధ్రాన్ని గుడ్డతో మూసి ఉంచండి.

శుభ్రం చేయడం దగ్గర నాకు గట్టి పట్టింపు ఉంది. నాజిల్ కొన మీది మసిని డీజిల్‌లో నానబెట్టి, ఇత్తడి బ్రష్షుతోనే తీయాలి. ఇనప బ్రష్షు, గరుకు కాగితం ముట్టించకూడదు. చిన్న డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజిన్ల (డీజిల్ నేరుగా పిస్టన్ మీదే పడే రకం) నాజిల్‌కి మూడో నాలుగో రంధ్రాలుంటాయి. ఒక్కొక్కటి 0.3 మిల్లీమీటర్లు, అటూ ఇటూగా. సూది పెట్టి పొడిస్తే రంధ్రం పెద్దదైపోతుంది, లేదా సూది విరిగి అందులోనే ఉండిపోతుంది. ఇంకో పని కూడా రేవుల్లో చూస్తుంటాను. నీడిల్‌కి ఇత్తడి పాలిష్ రాసి గొట్టంలో పెట్టి తిప్పుతారు, మెరుపు వచ్చింది కాబట్టి బాగైంది అంటారు. ఆ మెరుపుతో పాటు సందు కూడా పెరుగుతుంది. డీజిల్ పక్కనుంచి జారి రిటర్న్ పైపులోకి పోతుంది, స్టార్టింగ్ ఇంకా కష్టమవుతుంది. దయచేసి ఆ పని చేయకండి, చేయనివ్వకండి. నీడిల్, గొట్టం జతగా తయారవుతాయి. మొదటి నాజిల్ నీడిల్ తీసి రెండో నాజిల్‌లో వేయడం కూడా కుదరదు. రెండూ ఒకేసారి విప్పితే వేరువేరు డబ్బాల్లో పెట్టుకోండి.

ఇప్పుడు పంపు షాపు. అక్కడ నాజిల్ టెస్టర్ అని చేత్తో కొట్టే పంపు ఉంటుంది, దాని మీద ప్రెషర్ గేజ్. మీ ఇంజెక్టర్లు తీసుకెళ్లి ఇచ్చి వచ్చేయకుండా పక్కన నిలబడి చూడండి, మంచి షాపువాడు వద్దనడు. ఏమీ విప్పకముందే, ఉన్నది ఉన్నట్టుగా ఒకసారి పెట్టి చూపించమనండి. హ్యాండిల్ నొక్కుతుంటే ముల్లు పెరుగుతూ పోయి, ఒక దగ్గర నాజిల్ తెరుచుకుంటుంది. ఆ అంకె రాసుకోండి. కిర్లోస్కర్ ఏవీ1, టీవీ1 లాంటి చిన్న ఇంజిన్లకి అది 200 బార్ దగ్గర ఉంటుంది. ప్రీ-చాంబర్ (డీజిల్ ముందుగా పడి అంటుకునే చిన్న గది) ఉన్న ఇంజిన్లకి అంతకంటే బాగా తక్కువ. మీ ఇంజిన్ అంకె మీ మాన్యువల్‌దే లెక్క, వేరే బోటుది కాదు. కొన్ని గేజ్‌ల మీద పీఎస్ఐ ఉంటుంది. ఒక బార్ అంటే 14.5 పీఎస్ఐ, అంటే 200 బార్‌కి 2,900.

ప్రెషర్ ఒక్కటే చూసి సరే అనకండి. తుంపర చూడండి. మూడు రంధ్రాలుంటే మూడు పాయలూ ఒకే పొడవు, ఒకే వెడల్పు ఉండాలి, చుక్కలు కంటికి కనపడకూడదు. ఒక పాయ తీగలా సన్నగా దూరంగా పోతోందంటే ఆ రంధ్రం సగం మూసుకుపోయింది. చెవి కూడా పెట్టండి. మంచి నాజిల్ నెమ్మదిగా నొక్కినప్పుడు కర్ కర్ కర్ మని అరుస్తుంది, నీడిల్ చకచకా తెరుచుకుని మూసుకుంటున్న శబ్దం అది. పాడైన నాజిల్ అరవదు, జివ్వున డీజిల్ వదిలేస్తుంది. చివరగా కారుడు పరీక్ష. తెరుచుకునే ప్రెషర్ కంటే 20 బార్ తక్కువలో పెట్టి పది సెకన్లు ఆపితే కొన నుంచి చుక్క రాలకూడదు. మూసినా కారే కుళాయిలా నాజిల్ కారుతుంటే ఆ డీజిల్ సిలిండర్ గోడల మీది ఆయిల్‌ని కడిగేసి కింద ఇంజిన్ ఆయిల్ ఉండే సంప్‌లోకి దిగుతుంది. ఒకసారి మీ డిప్‌స్టిక్ తీసి చూడండి. ఆయిల్ మట్టం తగ్గాల్సింది పోయి పెరిగి, డీజిల్ వాసన వస్తుంటే ఇంజెక్టర్ ఎప్పట్నుంచో కారుతోందని అర్థం. ఆయిల్ కూడా మార్చేయండి.

ఆ టెస్టర్ ముందు చెయ్యి పెట్టొద్దు. ఇది భయపెట్టడానికి చెప్పడం లేదు. ఆ ప్రెషర్‌కి డీజిల్ చర్మంలోంచి లోపలికి పోతుంది. పైకి సూది గుచ్చినంత చిన్న చుక్క కనపడుతుంది, మొదట్లో నొప్పి కూడా పెద్దగా ఉండదు. లోపల కండ మాత్రం కుళ్లడం మొదలవుతుంది, వేలు తీసేయాల్సి రావచ్చు. అలా జరిగితే నొప్పి లేదు కదా అని ఆగకుండా గంటల్లోనే పెద్దాసుపత్రికి వెళ్లి, హై ప్రెషర్‌తో డీజిల్ లోపలికి పోయిందని డాక్టరుకి స్పష్టంగా చెప్పాలి. ఆ తుంపర నిప్పుకి అంటుకుంటుంది కూడా, బీడీ, సిగరెట్ దగ్గర్లో ఉండకూడదు.

పరీక్షలో నాజిల్ పోయిందని తేలితే కొత్తది కొనేటప్పుడు పాత నాజిల్ మీద చెక్కిన నంబరు మొత్తం, అక్షరంతో సహా, సరిచూసుకోండి. డీఎల్ఎల్ఏ అన్న అక్షరాల తర్వాత వచ్చే అంకె తుంపర విచ్చుకునే కోణం. సైజు సరిపోయింది కదా అని వేరే కోణం నాజిల్ వేస్తే బిగుస్తుంది, ఇంజిన్ కూడా నడుస్తుంది, పొగ మాత్రం వదలదు. పాత హోల్డర్ల మీద మైకో అని ఉంటే కంగారుపడకండి, ఆ కంపెనీయే 2008లో బాష్‌గా పేరు మార్చుకుంది. నకిలీలు చాలా తిరుగుతున్నాయి, బిల్లు ఇవ్వని చోట కొనొద్దు. కొత్త నాజిల్‌కి పూసి ఉన్న నూనెని శుభ్రమైన డీజిల్‌తో కడిగి, నీడిల్‌ని మూడోవంతు పైకి లాగి వదిలితే తన బరువుకి తానే నెమ్మదిగా జారి కూర్చోవాలి. అక్కడే కౌంటర్ దగ్గర చూసుకోవచ్చు.

ప్రెషర్ సెట్ చేయడం కొన్ని హోల్డర్లలో పైన స్క్రూతో, కొన్నింటిలో స్ప్రింగు కింద షిమ్ము (పల్చటి బిళ్ల) మార్చి చేస్తారు. కొత్త స్ప్రింగు వేస్తే మాన్యువల్ అంకె కంటే ఐదు పది బార్ ఎక్కువ పెట్టమనండి, కొన్నాళ్లకి స్ప్రింగు సర్దుకుని దిగుతుంది. రెండు ఇంజెక్టర్లూ ఒకే ప్రెషర్‌లో ఉండటం ముఖ్యం.

బిగించేటప్పుడు కొత్త రాగి వాషర్ వేయండి. రేవులో దొరక్కపోతే పాతదాన్ని ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచితే మెత్తబడుతుంది, ఆ పూటకి గడుస్తుంది. క్లాంపు నట్లు రెండూ మార్చి మార్చి కొంచెం కొంచెంగా, టార్క్ పానాతో బిగించండి. ఒకవైపే ముందు లాగేస్తే, లేదా బలమంతా పెట్టి బిగిస్తే, నాజిల్ ఒంగి నీడిల్ పట్టేస్తుంది. తర్వాత పైపుల్లో చేరిన ఎయిర్ తీయాలి: ముందు డీజిల్ ఫిల్టర్ దగ్గర, తర్వాత పంపు దగ్గర, చివర ఇంజెక్టర్ యూనియన్ నట్లు వదులు చేసి ఇంజిన్ తిప్పుతూ బుడగలు లేని డీజిల్ వచ్చాక బిగించాలి.

ఇంత చేసినా నాజిల్ ఎందుకు పోయిందో తెలుసుకోకపోతే కొత్తదీ అలాగే పోతుంది. పాత నాజిల్ ఊడదీసినప్పుడు నీడిల్ మొన దగ్గర చూడండి. గోధుమరంగు వలయం, సన్న సన్న గుంటలు కనపడితే నీళ్లు. మన బోట్లలో ఎక్కువగా అదే కారణం. ట్యాంకు మూత దగ్గర కెరటం నీళ్లు, వర్షంలో వదిలేసిన క్యాన్లు, సగం ఖాళీ ట్యాంకులో రాత్రిపూట పట్టే చెమ్మ. నిషేధం రెండు నెలలూ ఇంజిన్ కదపకుండా ఉంచితే ఆ నీళ్లు నాజిల్‌లోనే కూర్చుని తుప్పు పట్టిస్తాయి. అందుకే మేం బోటు కట్టేసే ముందు ట్యాంకు నిండా డీజిల్ పోస్తాం, అడుగున డ్రెయిన్ ప్లగ్ విప్పి నీళ్లు, బురద వచ్చినంత వదిలేస్తాం, మధ్యమధ్యలో ఇంజిన్ కాసేపు నడుపుతాం. డీజిల్ నుంచి నీళ్లు వేరుచేసే వాటర్ సెపరేటర్ లేకపోతే, ఈ రెండు నాజిళ్ల ఖర్చుతో పాటు అది కూడా పెట్టించండి. గిన్నె పారదర్శకంగా ఉన్న రకం తీసుకోండి, నీళ్లు దిగింది వేటకి వెళ్లే ముందే కనపడుతుంది. డీజిల్‌లో కిరసనాయిలు కలిపే అలవాటుంటే మానేయండి. పంపు, నాజిల్ రెండింటికీ జారుడు ఇచ్చేది డీజిలే, కిరసనాయిల్‌కి ఆ గుణం తక్కువ.

పంపు సంగతికొస్తే, ఇప్పుడే విప్పనివ్వకండి. పంపు విప్పితే టైమింగ్ మళ్లీ పెట్టాలి, రెండు సిలిండర్లకీ డీజిల్ సమానంగా వస్తోందో లేదో పెద్ద మెషీన్ మీద చూడాలి. ఖర్చు ఇంజెక్టర్ల కంటే చాలా ఎక్కువ. ముందు ఇంజెక్టర్లు ఒకదాని చోట ఒకటి మార్చి చూసే పరీక్ష చేయండి, నాజిళ్లు వేయించండి, డీజిల్ ఫిల్టర్ మార్చండి, బోటుని లోడుతో మొగ (ఏరు సముద్రంలో కలిసే చోటు) దాకా నడపండి. అప్పటికీ అదే సిలిండర్ మిస్ కొడుతుంటే, కంప్రెషన్ కూడా బాగుందని తేలితే, అప్పుడు పంపు. మీ ఇంజిన్ మోడలు, నాజిల్ మీది నంబరు, టెస్టర్ మీద విప్పకముందు వచ్చిన ప్రెషర్, ఈ మూడూ కింద రాయండి, చూసి చెబుతాను.