అయస్కాంతం బిగిస్తే మైలేజీ పెరుగుతుందా?

ప్రశ్న: మా పెట్రోలు కారుకు ఎనిమిదేళ్లు నిండాయి. ఇంధన గొట్టానికి అయస్కాంతం బిగిస్తే మైలేజీ పెరుగుతుందని ఒకరు, నీటి నుంచి హైడ్రోజన్ తీసి ఇంజిన్‌కు పంపే పరికరం అంతకన్నా మేలని మరొకరు అంటున్నారు. దేన్ని పెట్టించుకోమంటారు?

జవాబు: రెండూ వద్దండీ. ఇంజిన్‌లో పెట్రోలు సగం మండి సగం పొగలో పోతోందన్న నమ్మకం మీదే ఇలాంటి పరికరాలన్నీ అమ్ముడుపోతున్నాయి. సవ్యంగా ఉన్న నేటి ఇంజిన్‌లో 97 శాతానికి పైగా ఇంధనం మండిపోతుంది. పొగగొట్టంలోని ఆక్సిజన్ సెన్సర్ చెప్పేదాన్ని బట్టి, బరువులో ఒక పాలు పెట్రోలుకు సుమారు 14.7 పాళ్ల గాలి అందేలా కారులోని కంప్యూటర్ ఎప్పటికప్పుడు సరిచేస్తూ ఉంటుంది. మనం కోల్పోయే శక్తిలో ఎక్కువ భాగం రేడియేటర్ నుంచి, పొగ నుంచి వేడిగా పోయేదే కాబట్టి, ఆ నష్టం గొట్టం మీది అయస్కాంతంతో తగ్గదు.

ఇక హైడ్రోజన్ సంగతి. నీటిని విడగొట్టే కరెంటు ఆల్టర్నేటర్ నుంచి రావాలి, దాన్ని తిప్పేది ఇంజిన్, ఇంజిన్‌ను నడిపేది మీరు పోయించిన పెట్రోలే. ప్రతి అంచెలోనూ కొంత శక్తి వృథా అవుతుంది కనుక, ఆ హైడ్రోజన్ మండి ఇచ్చేది దాని తయారీకి ఖర్చయినదానికంటే ఎప్పుడూ తక్కువే. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ఇంధనం ఆదా చేస్తామనే పరికరాలను దాదాపు వందదాకా పరిశీలించగా, వాటిలో ఏ కొద్దింటికో స్వల్ప ప్రయోజనం కనిపించింది.

పరికరం పెట్టాక మైలేజీ పెరిగిందని చెప్పేవారు అబద్ధమాడుతున్నారని నేను అనుకోను. డబ్బు పెట్టాక లెక్క చూసుకుంటూ నెమ్మదిగా నడుపుతారు, ఆ తేడా నిజంగానే కనిపిస్తుంది. పరీక్షించదలిస్తే ఒక్క ట్యాంకుతో తేల్చకుండా, ఒకే దారిలో, ప్రతిసారీ ట్యాంకు నింపించి, పోయించిన లీటర్లతో తిరిగిన కిలోమీటర్లను భాగించి చూడండి.

మార్పులే చేయించాలనుకుంటే టైర్లతో మొదలుపెట్టండి. అందం కోసం వెడల్పైనవి వేయిస్తే మైలేజీ సాధారణంగా తగ్గుతుంది. దొర్లుడు నిరోధం తక్కువగా ఉండే రకాన్ని ఎంచుకుని, కంపెనీ చెప్పిన మేరకు గాలి నింపించండి. పైకప్పు మీది క్యారియర్ అవసరం తీరగానే తీసేయండి, ఎందుకంటే వేగం రెట్టింపైతే గాలి నిరోధం నాలుగు రెట్లవుతుంది.

మీ కారు వయసును బట్టి నాకు అసలు అనుమానం మరో చోట ఉంది. పాతబడిన ఆక్సిజన్ సెన్సర్, పట్టేసిన బ్రేకు, తెరుచుకునే ఉండిపోయిన థర్మోస్టాట్ (ఇంజిన్‌ను చల్లబరిచే నీటి ప్రవాహాన్ని అదుపుచేసే కవాటం; అది మూసుకోకపోతే, ఇంజిన్ ఇంకా వేడెక్కలేదనుకుని కంప్యూటర్ అదనంగా పెట్రోలు పంపుతుంది), ఈ మూడింటిని ముందుగా మెకానిక్‌తో పరీక్ష చేయించండి.